‘సోకు’ పదం : నిష్పత్తి, అర్థపరిణామం, వ్యవహారం
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వాడుక ఆధారంగా ఒక పరిశీలన)

ఉపోద్ఘాతం

భాషలో కొన్ని పదాలు సభలకెక్కవు, కావ్యాలకెక్కవు. అయినా ప్రజల నాలుకపై నిత్యం నర్తిస్తూ ఉంటాయి. అటువంటి వానిలో ‘సోకు’ ఒకటి. లోపల సారమున్నదో లేదో తెలియకుండా పైకి మాత్రం కనులకింపుగా కనిపించే తీరును, ఆ తీరుకోసం మనిషి పడే తాపత్రయాన్ని ఈ ఒక్క పదం తెలుపుతుంది. అందం, సొగసు, చక్కదనం మొదలైన పదాలకున్న గౌరవం దీనికి లేదు. విన్నవారి పెదవిపై చిన్న నవ్వు మెదలకుండా ఈ పదం పలకడం అరుదు.

తెలుగునాట అన్ని ప్రాంతాలలోను ఈ పదం సోకు, షోకు అనే రెండు రూపాలతో వినబడుతుంది. అయితే పూర్వపు కరీంనగర్ జిల్లా పడమటి భాగమైన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వ్యవహారంలో దీని పరిశీలనకు విశేషమైన అనుకూలత ఉన్నది. 1948 వరకు ఇవి నిజాం రాజ్యంలోనివి. కచేరీభాష ఉర్దూ, ఇంటిభాష తెలుగు. ఒకే నోట రెండు భాషలు మెలగిన చోట ఎరువుమాట తన మూలాన్ని ఎంతవరకు నిలుపుకొన్నదో, ఎక్కడ విడిచిపెట్టిందో తెలుసుకోవడం సులభం. పైగా వస్త్రాన్ని నేసే సిరిసిల్ల, గల్ఫ్ దేశాలకు వలసలు సాగిన జగిత్యాల, కోరుట్లలు వేషానికీ విత్తానికీ గల సంబంధాన్ని దగ్గరగా చూసిన ఊళ్ళు. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలైనవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. పాలనాపరమైన ఎల్లలు మారినా పలుకుబడిలోని ఏకత్వం మారలేదు.

ఈ పదాన్ని గూర్చి ప్రధానంగా మూడు ప్రశ్నలు ఉదయిస్తాయి. ఇది దేశ్యమా, అన్యదేశ్యమా? మూలంలో కోరికను చెప్పిన మాట తెలుగులో పైమెరుగును చెప్పే మాట ఎట్లా అయింది? ఎవరు ఎవరిని గూర్చి ఈ మాట వాడుతారు? మొదటి రెండు ప్రశ్నలు శబ్దశాస్త్రానికి చెందినవి. మూడవది నిఘంటుకర్తలు సాధారణంగా పట్టించుకొననిది. కాని అర్థనిర్ణయంలో చివరికి అదే కీలకమవుతుంది.

సమధ్వనిగల మూడు పదాలు

నేటి తెలుగులో ‘సోకు’ అనే ధ్వనితోగాని, దానికి అతి సమీపమైన ధ్వనితోగాని మూడు పదాలున్నాయి.

మొదటిది దేశ్యమైన ‘సోఁకు’. తగులు, అంటు అని దీని అర్థం. గాలి సోకింది, దయ్యం సోకింది, అంటువ్యాధి సోకింది అనే వాడుకలు దీనివే. కావ్యభాషలో ‘సోఁకుఁడు’ అంటే రాక్షసుడు. రెండవది సంస్కృతసమమైన ‘శోకము’. పల్లెలలో చావుఇంట ‘శోకాలు పెట్టుట’ అనే పదబంధంలో ఇది సజీవంగా ఉన్నది. తాలవ్య శకారం దంత్యమై ‘సోకం’గా కూడ వినబడుతుంది. మూడవది ప్రస్తుతాంశమైన ‘సోకు’, అనగా పైపై అలంకారం, విలాసం.

మూడవదానిని మొదటిదానితో కలిపి వ్యాఖ్యానించే లోకనిరుక్తి ఒకటి ఉన్నది. అద్దం ముందు గంటలకొద్దీ నిలిచే మనిషిని ఏదో ఆవేశించిందని, అందుకే ఆ అలవాటుకు సోకు అని పేరు వచ్చిందని ఈ నిరుక్తి సారాంశం. ఇది వినడానికి రమ్యంగానే ఉంటుంది, కాని శాస్త్రం ముందు నిలువదు. కారణాలు నాలుగు.

(1) దేశ్యపదంలో అరసున్న ఉన్నది. ఆ అరసున్న పూర్వం నిండు అనునాసికంగా ఉండేదని సోదరభాషయైన కన్నడం సాక్ష్యమిస్తుంది. కన్నడంలో అంటుకొనుటకు, అంటువ్యాధికి ‘సోంకు’ అనే పదమే నేటికీ వాడుకలో ఉన్నది. విలాసార్థకమైన కన్నడపదం ‘శోకి’. దానిలో అనునాసికం లేదు. కనుక రెండు భాషలలోను ఈ రెండు పదాలు వేరువేరు కుదుళ్ళవి.

(2) దేశ్యపదం ధాతువు. సోకును, సోకింది, సోకిన అని క్రియారూపాలన్నీ పొందుతుంది. విలాసార్థక పదం కేవలం నామం. చేయు, పడు, పోవు వంటి సహాయక్రియ లేనిదే అది క్రియగా మారదు. ‘సోకు చేసుకున్నది’ అంటారు గాని అదే అర్థంలో ‘సోకింది’ అనరు.

(3) విలాసార్థకానికి షకారరూపం ఉన్నది. ‘షోకు’ అన్నా ‘సోకు’ అన్నా ఒకటే. దేశ్యపదానికి ఈ వికల్పం లేదు. ‘గాలి షోకింది’ అనేవారు ఎక్కడా కనబడరు.

(4) విలాసార్థక పదం బహువచనంలో విరివిగా వాడబడుతుంది. ‘సోకులు పడుడు’, ‘సోకులకు పోవుడు’ నిత్యవ్యవహారంలో ఉన్నాయి. స్పర్శార్థక నామానికి ఇట్టి బహువచన ప్రయోగం సహజం కాదు.

ఇక శోకశబ్దంతో దీనికి పొత్తు లేదని వేరుగా నిరూపించనక్కరలేదు. సోకు చేసుకొన్నవాడు శోకం పాలయ్యాడని వేడుకగా చమత్కరించడానికి మాత్రమే ఆ ధ్వనిసామ్యం పనికివస్తుంది.

ధ్వనిపరిణామం

ఈ పదానికి మూలం అరబ్బీ భాషలోని ‘షౌక్’. తీవ్రమైన కోరిక, తహతహ అని దాని అర్థం. అది పారశీకంలోకి, అక్కడినుండి ఉర్దూలోకి వచ్చింది. ఉర్దూలో అభిరుచి, ఇష్టం, సరదా అనే అర్థాలలో నేటికీ గౌరవంగానే వాడబడుతున్నది. ‘షౌకీన్’ అంటే ఏదైనా ఒక విద్యయందో, వస్తువునందో, భోగమునందో మక్కువ గలవాడు.

తెలుగులోకి వచ్చేటప్పుడు ఈ పదంలో మూడు మార్పులు జరిగినవి. మొదటిది ఔకారం ఓకారమగుట. ఉర్దూలోని ‘మౌజ్’ తెలుగులో ‘మోజు’ అయిన తీరే దీనికి ఉపపత్తి. అయితే ఇది సార్వత్రికమైన నియమం కాదు. ‘కౌల్’ కౌలుగానే, ‘నౌకరీ’ నౌకరిగానే నిలిచిపోయినవి. దస్తావేజులలో రాతపూర్వకంగా నిలిచిన రెవెన్యూ, కొలువు పదాలలో ఔత్వం నిలిచిందని, నోటిమాటగా మాత్రమే ప్రచారం పొందిన భోగవిలాస పదాలలో ఓత్వం వచ్చిందని ఊహించడానికి ఈ ఉదాహరణలు అవకాశమిస్తున్నాయి.

రెండవది షకారం సకారమగుట. ‘షుమార్’ సుమారు అయింది. ‘షికారు’ జనవ్యవహారంలో సికారు, ‘తమాషా’ తమాసగా వినబడతాయి. వీనిలో ‘సుమారు’ శిష్టభాషలో కూడ స్థిరపడి, అన్యదేశ్యమన్న స్పృహనే పోగొట్టుకొన్నది. ‘సోకు’ ఇంకా ఆ స్థితికి చేరలేదు. అది షకారరూపంతో పోటీ పడుతూనే ఉన్నది. మూడవది హలంతపదానికి ఉకారం చేరి అజంతమగుట. ఇది తెలుగుకు సహజమైన ప్రక్రియ కనుక వివరణ అవసరం లేదు.

ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటున్నది. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో ఉర్దూ పరిచయం గలవారి నోట ‘షౌకు’ అనే రూపం కూడ ఉన్నది. ‘ఆయనకు పావురాల షౌకు’ అన్నప్పుడు అది మూలార్థమైన అభిరుచినే చెబుతుంది. ‘ఆయన సోకు చూడు’ అన్నప్పుడు పైవేషాన్ని చెబుతుంది. ఒకే మూలపదం రెండు మార్గాలలో వచ్చి, రెండు రూపాలుగా నిలిచి, రెండు అర్థాలను పంచుకొన్నదన్నమాట. సంస్కృతంలోని ‘శృంగారం’ తత్సమంగా ఒక అర్థంలోను, ‘సింగారం’ అనే తద్భవంగా మరొక అర్థంలోను నిలిచినట్లే ఇది జరిగింది. రసనామంగా శృంగారమే ఉంటుంది, తలదువ్వి పూలు తురుముకొనడానికి సింగారమే ఉంటుంది. ధ్వని ఎంత ప్రజలదైతే అర్థం అంత కంటికి కనబడేదవుతుంది.

అర్థపరిణామం : కోరికనుండి కనబడే తీరుకు

మూలంలోని ‘షౌక్’ మనసులోని సంగతి. తెలుగులోని ‘సోకు’ ఒంటిమీది సంగతి. ఈ ప్రయాణం ఎట్లా జరిగింది?

ఉర్దూలో ఈ పదం ఎక్కువగా ఉత్తమపురుషలో నడుస్తుంది. నాకు ఫలానాదాని షౌక్ ఉన్నదని మనిషి తనను గూర్చి తానే చెప్పుకొంటాడు. అందులో సిగ్గుపడవలసినది లేదు. తెలుగులో ‘సోకు’ ప్రాయికంగా మధ్యమపురుషలోను, ప్రథమపురుషలోను వస్తుంది. ‘ఏం సోకురా నీది’, ‘గిన్ని సోకులెందుకే’, ‘వాని సోకు సల్లగుండ’ అన్నవి వాడుక. తనను గూర్చి తాను సోకు చేసుకొన్నానని చెప్పేవాడు ఉంటే, అది తన్ను తాను ఎగతాళి చేసుకొనడమే.

పురుష మారడంతో అర్థం మారింది. కోరిక కలిగినవానికి కోరిక తెలుసు. ఎదుటివానికి ఆ కోరిక కనబడదు. దాని ఫలితమైన అంగీ మడత, తలనూనె, సెంటువాసన మాత్రమే కనబడతాయి. అనుభవించేవాని నోటినుండి చూసేవాని నోటికి పదం చేరినప్పుడు కారణాన్ని చెప్పే మాట కార్యాన్ని చెప్పే మాట కావడం సహజం. ఆలంకారికుల పరిభాషలో ఇది కార్యకారణసంబంధం మీద ఏర్పడిన లక్షణ. తొలుత లక్షణగా పుట్టి, రూఢిచేత వాచ్యార్థమై స్థిరపడింది.

ఇట్టి మార్పు ఈ ఒక్క పదానికే కలిగినది కాదు. ‘దర్జా’ మూలంలో అంతస్తు, స్థాయి. తెలుగులో అది ఠీవి, ఆర్భాటం. ‘జల్సా’ మూలంలో సభ, కూడిక. తెలుగులో అది విచ్చలవిడి వినోదం. ‘మౌజ్’ మూలంలో అల, దానినుండి ఉల్లాసం. తెలుగులో మోజు. హిందీలో గొప్పతనాన్ని చెప్పే ‘బడాయి’ తెలుగులో లేని గొప్పను చాటుకొనుట. ఇవన్నీ ఒకే వైపుకు వంగినవి. అధికారమూ ఐశ్వర్యమూ గలవారి జీవితాన్ని సామాన్యులు వెలుపలినుండే చూశారు. లోపలి విషయం తెలియని చోట పేరు పైరూపానికే అంటుకొంటుంది. ఈ పదాల అర్థచరిత్రలో ఒక సమాజపు దృష్టికోణం నిక్షిప్తమై ఉన్నదని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇది ఎరువుమాటల లోపమని, ఉర్దూ వలన భాష చెడిందని భావించేవారు సంస్కృతపదాల చరిత్రను కూడ గమనించాలి. ‘ఆడంబరం’ తొలుత ఒక విధమైన భేరి, దాని ధ్వని. పిదప పైపై ఆర్భాటం. ‘పటాటోపం’ తొలుత ‘ఫటాటోపం’, అనగా పాము పడగ విప్పుట. విషం ఉన్నా లేకున్నా విప్పిన పడగ భయపెడుతుందన్న నీతికథల సంప్రదాయంనుండి అది డాంబికానికి పేరైంది. కనుక పైమెరుగుకు పేరు పెట్టవలసినప్పుడు ఏ భాష అయినా కంటికి, చెవికి తగిలే దానినుండే పదాన్ని గ్రహిస్తుంది.

వాక్యంలో పదస్థితి

పదం ఏ విభక్తితో, ఏ క్రియతో కలుస్తుందో దానిని బట్టి అర్థంలో స్పష్టమైన భేదం ఏర్పడుతున్నది.

(అ) చతుర్థితో : ‘వానికి అంగీల సోకు’, ‘ఆమెకు పూల సోకు’. ఇక్కడ మూలార్థమైన మక్కువ మిగిలి ఉన్నది. ఉర్దూ వాక్యనిర్మాణపు ఛాయ కూడ ఉన్నది.

(ఆ) షష్ఠితో : ‘వాని సోకు’, ‘నీ సోకు’. ఇక్కడ పైవేషమే అర్థం. ఆక్షేపం తప్పనిసరి.

(ఇ) చేయు ధాతువుతో : ‘సోకు జేస్కొని ఏడికి పోతున్నవే?’ ఇక్కడ ముస్తాబగుట అర్థం. వదినె మరదలితో అంటే పరిహాసం, అత్త కోడలితో అంటే నింద. వాక్యం ఒకటే అయినా వరుస మారితే భావం మారుతుంది.

(ఈ) పడు ధాతువుతో : ‘గన్ని సోకులు వడ్తడు గని పని జెయ్యడు’. ఇక్కడ బహువచనం నియతం. సోకు పనికి విరోధి అన్న భావం ఈ ప్రయోగంలో బలంగా ఉన్నది.

(ఉ) గా ప్రత్యయంతో : ‘కొత్తిల్లు సోకుగ ఉన్నది’. ఇక్కడ నింద లేదు, శుద్ధమైన మెప్పు. వస్తువును గూర్చి చెప్పినప్పుడు సోకు గుణం. మనిషిని గూర్చి చెప్పినప్పుడు అది దోషం.

చివరి అంశం విశేషంగా గమనార్హం. ఇంటికి, బండికి, పందిరికి పైరూపం బాగుండుట ధర్మమే. వానికి లోపలి శీలమనేది లేదు. మనిషికి లోపల ఒకటి ఉండాలని లోకం ఆశిస్తుంది. ఆ లోపలిది బయటి మెరుగులో కప్పబడిపోయిందన్న అనుమానమే మనిషి విషయంలో ‘సోకు’ను ఆక్షేపవాచకం చేసింది.

ఇదే ప్రాంతంలో సమీపార్థకాలైన పదాలతో దీనిని పోల్చితే భేదం మరింత తేటపడుతుంది. ‘నకరాలు’ నడతకు సంబంధించినవి, బట్టలతో పనిలేదు. ‘బడాయి’ మాటకు సంబంధించినది. ‘టెక్కు’ గర్వానికి సంబంధించినది, చినిగిన బట్టలవానికి కూడ ఉండవచ్చు. ‘సింగారం’ పండుగకు, పెండ్లికి తగినది, అందులో నింద లేదు. ‘సోకు’ ఒక్కటే సందర్భం లేని సింగారం.

లింగభేదం

ఈ పదంనుండి పుట్టిన పురుషవాచకాలు, స్త్రీవాచకాలు సమానగౌరవం గలవి కావు.

పురుషవాచకాలలో ప్రసిద్ధమైనది ‘సోగ్గాడు’. సోకు అనే పదానికి అందగాడు మొదలైన వానిలోని గాడు ప్రత్యయం చేరి ‘సోకుగాడు’ కాగా, నడిమి ఉకారం లోపించి, కకారం పరమందున్న గకారంతో సమీకరణం పొంది సోగ్గాడు అయిందనడం యుక్తం. ‘సొగసుగాడు’ నుండి వచ్చిందని కూడ చెప్పవచ్చును గాని, అప్పుడు తొలి హ్రస్వం దీర్ఘమగుటకు, సకారం లోపించుటకు వేరువేరు కారణాలు చెప్పవలసి వస్తుంది. అర్థం చేత సొగసు, రూపం చేత సోకు దీనికి దగ్గర అయినప్పటికీ, తక్కువ కల్పనలతో సాధ్యమయ్యే మార్గాన్నే స్వీకరించడం శాస్త్రసమ్మతం. సోగ్గాడన్న మాటలో నింద దాదాపు లేదు. 1975లో వచ్చిన చలనచిత్రానికి అదే పేరు కావడం, ఆ పేరు దాని కథానాయకునికి ప్రజలలో బిరుదువలె నిలవడం ఇందుకు నిదర్శనం. ‘సోకుల రాయుడు’ అన్నదానిలో ఎగతాళి ఉన్నది. కాని ఆ ఎగతాళిలో కూడ రాయుడన్న గౌరవపదమే ఉన్నది.

స్త్రీవాచకం ‘సోకులాడి’. ఆడి ప్రత్యయం చేరిన తక్కిన పదాలను చూస్తే వగలాడి, మాయలాడి అనేవి తోడుగా కనబడతాయి. మోసగించుట, మురిపించుట ఈ వర్గపు సామాన్యభావం. అలంకరించుకొన్న పురుషుడు చూడదగినవాడు కాగా, అలంకరించుకొన్న స్త్రీ జాగ్రత్తపడదగినదయింది. ఒకే ధాతువీజంనుండి ఒకరికి బిరుదు, మరొకరికి అపవాదు పుట్టిన ఈ తీరును నిఘంటువు ‘పుం.’, ‘స్త్రీ.’ అనే సంకేతాలతో సరిపెట్టరాదు.

సామెతలలో సోకు

‘సొమ్మొకడిది, సోకొకడిది’ అనే సామెత ఈ పదానికి ప్రాణం. ఇందులో సొమ్ము అంటే ధనమూ కావచ్చు, నగ కూడ కావచ్చు. ఒకని ధనంతో మరొకడు వెలగడం, ఒకరి నగతో మరొకరు మెరవడం రెండూ దీనిలో ఇమిడి ఉన్నాయి. సొ, సోలకు గల అక్షరమైత్రి సకారరూపంలోనే కుదురుతుంది. ‘షోకొకడిది’ అంటే ఆ నాదం చెడుతుంది. సకారరూపం ఈ భాషలో ఎంత లోతుగా నాటుకొన్నదో చెప్పడానికి ఇంతకంటె బలమైన ఆధారం అక్కరలేదు. అన్యదేశ్యమైన మాట సామెతలో చేరి, దేశిపదంవలె యతిమైత్రిని పాటించిందంటే అది అతిథిగా గాక బంధువుగా ఉన్నదని అర్థం.

‘తినడానికి తిండి లేదు, మీసాలకు సంపెంగ నూనె’ అన్నది సోకుపదం లేకుండానే సోకును నిర్వచించిన సామెత. ‘పైన పటారం, లోన లొటారం’ అన్నది వస్తువుకూ మనిషికీ చెల్లుతుంది. ఇక హైదరాబాదు దక్కనీ ఉర్దూలోని ‘ఊపర్ షేర్వానీ, అందర్ పరేషానీ’ అన్న సామెత తెలంగాణ తెలుగువారి నోట అనువాదం లేకుండానే నడుస్తున్నది. నిజాం కాలంలో షేర్వానీ కొలువుకు, మర్యాదకు గుర్తు. దానికింద ఉన్న పరేషానీ ఇంటిలోనివారికే ఎరుక. తెలుగు సామెతలు లోపలి డొల్లతనాన్ని గేలి చేస్తే, ఈ దక్కనీ సామెత లోపలి బాధను చూసి నిట్టూర్చుతుంది. పైమెరుగు వెనుక ఎల్లప్పుడూ గర్వమే ఉండదని, ఒక్కొక్కప్పుడు పరువుకోసం పడే యాతన ఉంటుందని అది గుర్తుచేస్తుంది.

ప్రాంతజీవనంలో పదం

పదం ఎవరి నోట పుట్టి ఎవరి మీద పడిందో చూడనిదే అర్థం పూర్తికాదు. ఈ మూడు ఊళ్ళ చరిత్ర అందుకు తగిన ఆధారాలిస్తుంది.

దొరల గడీల కాలంలో కింది కులాలవారు గడీ ముందు చెప్పులు విప్పి చేతబట్టుకొని నడువవలసి వచ్చేది. కట్టే బట్టకు, కట్టే తీరుకు కూడ కట్టుబాట్లుండేవి. అటువంటి వ్యవస్థలో కూలివాడు తెల్లబట్ట కడితే అది అందం కాదు, సోకు. దొర కడితే అది సోకు కాదు, దర్జా. ఒకే చర్యకు కులాన్ని బట్టి రెండు పేర్లు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో జరిగిన జైత్రయాత్ర వెట్టిని, దొరతనాన్ని ఎదిరించిన రైతుకూలీల సమీకరణగా చరిత్రకెక్కింది. ఆ సంవత్సరమే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటింపబడినవి. భూమి, కూలి ఆ ఉద్యమానికి ప్రధానాంశాలు. అయితే చెప్పు తొడిగి, తల ఎత్తి నడిచే హక్కు కూడ వానితోపాటే వచ్చింది. ఒకప్పుడు సోకు అని గద్దింపబడినది తరువాత మర్యాదగా నిలిచింది.

సిరిసిల్ల సంగతి వేరు. అక్కడ వస్త్రమే బ్రతుకు. మరమగ్గాన్ని అక్కడివారు ‘సాంచ’ అంటారు, సాంచలు పెట్టుకొని కూలికి నేయించేవారు ‘ఆసాములు’. నేసినవానికి బట్టలో రెండు గుణాలు వేరువేరుగా కనబడతాయి. ఒకటి చూపు, రెండవది మన్నిక. పడుగుకు పెట్టిన గంజి, పైన తేలిన మెరుగు తొలి ఉతుకులో పోయేవి. పోగు బలం, నేత చిక్కదనం, రంగు పక్కాతనం నిలిచేవి. కొనేవాడు మొదటిదానిని చూస్తాడు, నేసేవాడు రెండవదానిని ఎరుగును. సోకు అనే పదానికి గల ‘నిలువని మెరుగు’ అన్న అర్థచ్ఛాయకు ఇంతకంటె చక్కని దృష్టాంతం దొరకదు. 1990ల చివరినుండి ఈ పట్టణంలోని నేతకార్మికుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కలచివేసినవి. 2017లో రాష్ట్రప్రభుత్వం పంపిణీకి తలపెట్టిన బతుకమ్మ చీరల నేతపని సిరిసిల్ల మరమగ్గాలకు లభించింది. ఎదుటివారి సోకుకు బట్ట నేసే చేతులకు తమ ఒంటిమీద సోకు దుర్లభం కావడం ‘సొమ్మొకడిది, సోకొకడిది’ అన్న సామెతకు మరొక కరుణార్థాన్ని కల్పిస్తున్నది. సామెతలోని సొమ్మును శ్రమగా గ్రహిస్తే చాలు.

జగిత్యాల, కోరుట్ల పల్లెలనుండి దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలకు వలసలు సాగుతున్నాయి. దుబాయి అన్న ఒక్క పేరే ఆ దేశాలన్నింటికీ వర్తిస్తుంది. సెలవుపై వచ్చిన వలసకూలి అత్తరు, చేతిగడియారం, మెరిసే అంగీ ఊరి కంటికి సోకుగా కనబడతాయి. వీసాకు చేసిన అప్పు, దానిపై వడ్డీ ఊరి కంటికి కనబడవు. ఇక్కడ పదం తన పూర్వస్వభావాన్నే మరల చూపుతున్నది. చూసేవానికి అందినంత మేరకే అది అర్థాన్ని పట్టుకొంటుంది.

ఈ ప్రాంతాలలో వేలాది స్త్రీలకు బీడీలు చుట్టడం జీవనోపాధి. ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి సంపాదించిన కూలితో కొనుక్కొన్న పూసలదండను, పౌడరుడబ్బాను కూడ ‘సోకు’ అనే అంటారు. సామెత ప్రకారం పరుల సొమ్ముతో చేసినదే నిందింపదగిన సోకు. సొమ్మూ సోకూ ఒకరివే అయినప్పుడు నింద ఎక్కడినుండి వచ్చింది? సామెత చెప్పే న్యాయం ఒకటి, పదప్రయోగం చేసే న్యాయం మరొకటి. ఈ వైరుద్ధ్యాన్ని గుర్తించడం ఈ పదాధ్యయనంలో ముఖ్యాంశం.

అలంకారశాస్త్ర దృష్టి

పైమెరుగుకూ నిజమైన శోభకూ గల భేదం సంస్కృతాలంకారికులకు అపరిచితం కాదు. కావ్యానికి శోభను కలిగించేవి గుణాలని, ఉన్న శోభను పెంచేవి అలంకారాలని వామనుడు విభజించాడు. శోభ లేనిచోట అలంకారం వ్యర్థమన్న భావం అందులో ఉన్నది. అవయవాలకంటె వేరుగా భాసించే లావణ్యంతో ప్రతీయమానార్థాన్ని ఆనందవర్ధనుడు పోల్చాడు. క్షేమేంద్రుడు 11వ శతాబ్దంలో ఔచిత్యాన్ని కావ్యజీవితంగా నిరూపిస్తూ, మెడలో వడ్డాణం, నడుముకు హారం ధరించినవారు నవ్వులపాలవుతారన్నాడు.

ఈ మూడింటిలో లోకవ్యవహారంలోని సోకుకు దగ్గరైనది క్షేమేంద్రుని మార్గం. సోకు అన్నది అలంకారాభావం కాదు, గుణాభావం కూడ కాదు. చూసేవాని దృష్టిలో అది అనౌచిత్యం. సమయం కాని సమయంలో, స్థాయికి మించి, సొమ్ముకు మించి చేసిన అలంకారం సోకు. కాని ఒక భేదం ఉన్నది. కావ్యంలో ఔచిత్యాన్ని నిర్ణయించేవాడు సహృదయుడు. ఊరిలో నిర్ణయించేది పెత్తనం. కూలివాని తెల్లబట్టను, బీడీకార్మికురాలి పూసలదండను అనుచితమన్నది సహృదయత కాదు. కనుక శాస్త్రపరిభాషను లోకానికి అన్వయించేటప్పుడు నిర్ణేత ఎవరన్న విచారణ తప్పదు.

నిఘంటు నిర్మాణానికి సూచనలు

శబ్దరత్నాకరం (1885) ప్రధానంగా కావ్యభాషను ఆశ్రయించింది. తెలుగులోని అన్యదేశ్యాలకు సి.పి. బ్రౌన్ 1854లోనే ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువును ప్రకటించాడు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశం రెండవ సంపుటం చేనేతపదాలకు కేటాయింపబడింది. రవ్వా శ్రీహరి, నలిమెల భాస్కర్ వంటి పండితులు తెలంగాణ పదసంపదను సేకరించి, ఈ పలుకుబడి అపభ్రష్టమన్న అపోహను తొలగించారు. ఈ కృషిని కొనసాగించే నిఘంటుకారులు ‘సోకు’ విషయంలో కింది అంశాలను పాటించవలసి ఉన్నది.

ఒకటి, దేశ్యమైన సోఁకును, అన్యదేశ్యమైన సోకును వేర్వేరు ఆరోపాలుగా చూపాలి. అరసున్న లేని నేటి ముద్రణలో ఈ విభజన మరింత అవసరం. రెండు, సోకు, షోకు రూపాలకు ఒకే ఆరోపం, షౌకుకు అర్థభేదాన్ని బట్టి వేరొక ఆరోపం ఉండాలి. మూడు, విభక్తిని, సహాయక్రియను బట్టి అర్థాలను క్రమపరచాలి. నాలుగు, వస్తువిషయంలో మెప్పు, మనుష్యవిషయంలో ఆక్షేపం అన్న వివేచన చేయాలి. ఐదు, సోగ్గాడు, సోకులాడి పదాల మధ్య గల గౌరవభేదాన్ని వివరణలో పేర్కొనాలి. ఆరు, పెద్ద చిన్నను, కలవాడు లేనివానిని అనే పదంగా ఇది ఎక్కువగా నడుస్తున్నదన్న వ్యవహారసూచన చేర్చాలి.

ఉపసంహారం

‘సోకు’ అరబ్బీ మూలంనుండి పారశీకం, ఉర్దూల మీదుగా తెలుగుకు వచ్చిన అన్యదేశ్యపదమని, దేశ్యమైన ‘సోఁకు’తో దీనికి సంబంధం లేదని ధ్వని, రూప, వాక్యస్థాయులలోని ఆధారాలు నిరూపిస్తున్నాయి. ఉత్తమపురుషనుండి మధ్యమ, ప్రథమపురుషలకు ప్రయోగం మారడమే కోరిక అనే అర్థం పైమెరుగు అనే అర్థంగా మారడానికి ప్రధానహేతువు. ఆ మార్పు వల్లనే ఈ పదం వర్ణనకంటె తీర్పుకు ఎక్కువగా ఉపయోగపడుతున్నది.

తీర్పు చెప్పే పదాన్ని బోధించేటప్పుడు ఉపాధ్యాయుడు దాని అర్థంతోపాటు దాని తూకాన్ని కూడ విద్యార్థికి తెలుపవలసి ఉన్నది. పరుల సొమ్ముతో మెరిసేవానిని గూర్చి లోకం ఈ మాట అన్నప్పుడు అది నీతి. స్వార్జితంతో తలలో పూవు తురుముకొన్నదానిని గూర్చి అన్నప్పుడు అది అసూయో, అధికారమో అవుతుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూపగలిగిననాడే ‘సోకు’ అనే చిన్నపదానికి అర్థం పూర్తిగా చెప్పినట్లవుతుంది.